ముప్పవరపు వెంకయ్య నాయుడు

ముప్పవరపు వెంకయ్య నాయుడు (జననం: 1949, జూలై 1) నెల్లూరు జిల్లాకు చెందిన రాజకీయ నాయకుడు, భారతదేశపు 13వ ఉపరాష్ట్రపతి. ఈయన 1978లోనూ 1983లోనూ నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఉదయగిరి నియోజకవర్గం నుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యాడు. 1985లో పక్కనే ఉన్న ఆత్మకూరు నుండి పోటీచేసి ఓడిపోయాడు. భారతీయ జనతా పార్టీ జాతీయ అధ్యక్షుడిగా (2002-2004), కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రిగా (2000-2002), పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగా (2014-2017) పనిచేశాడు. 2017 ఆగష్టు 11 నుండి 2022 ఆగష్టు వరకు ఉపరాష్ట్రపతి పదవిలో, ఆ హోదాలోనే రాజ్యసభ అధ్యక్ష స్థానంలో ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పుట్టి ఉపరాష్ట్రపతి అయినవారిలో ఈయనే మొదటివాడు. 2024లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారం ప్రకటించింది.

బాల్యం, విద్యాభ్యాసం

వెంకయ్య నాయుడు నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలానికి చెందిన చవటపాలెం గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి రంగయ్య నాయుడు, తల్లి రమణమ్మ. ఊహ తెలియని వయసులోనే తల్లి మరణించడంతో పెద్దల పెంపకంలో పెరిగాడు. చదువంతా తెలుగు మాధ్యమంలోనే మొదలైంది. నెల్లూరులోని వి.ఆర్. కళాశాలలో రాజనీతి శాస్త్రం, దౌత్య వ్యవహారాలు ప్రధానాంశాలుగా బి.ఏ. పట్టా పొంది, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం ప్రత్యేకాంశంగా న్యాయవిద్య పూర్తిచేశాడు.

విద్యార్థి దశలోనే రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ వైపు, అఖిల భారతీయ విద్యార్థి పరిషత్తు వైపు మొగ్గాడు. నెల్లూరులో అటల్ బిహారీ వాజపేయి సభ జరుగనున్నదని జట్కా బండిలో తిరుగుతూ ప్రచారం చేసిన సంగతిని తరువాతి కాలంలో పలు సభలలో తానే చెప్పుకున్నాడు. 1972లో మొదలైన జై ఆంధ్ర ఉద్యమంలో పాల్గొని మంచి వక్తగా పేరు తెచ్చుకున్నాడు. 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మరుసటి సంవత్సరం జయప్రకాశ్ నారాయణ్ నడిపిన అవినీతి వ్యతిరేక ఉద్యమానికి రాష్ట్రంలో విద్యార్థి సంఘర్షణ సమితి కన్వీనరుగా ఉన్నాడు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించిన తరువాత అరెస్టయి, నెలల తరబడి జైలులో గడిపాడు.

ఉదయగిరి శాసనసభ్యుడు

నెల్లూరు జిల్లా అనగానే వరిచేలు, పెన్న డెల్టా కాలువలు గుర్తుకు వస్తాయి. అది జిల్లా తూర్పు భాగం. పశ్చిమాన వెలిగొండల వైపు సాగే ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు మెట్ట ప్రాంతం. వర్షాలు తక్కువ, చెరువులు నిండేది అరుదు, చాలా గ్రామాలలో భూగర్భజలంలో ఫ్లోరైడు అధికం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి దీర్ఘకాలం ముట్టడించి 1514లో గెలుచుకున్న దుర్గం ఉదయగిరి కొండపై ఉంది. ఆ ఊరి చేతిపనివారు చెక్కతో చేసే గరిటెలు, చెంచాలు నేటికీ ప్రసిద్ధి. అయితే ఆ పాత వైభవం సాగునీటిని తెచ్చిపెట్టలేదు. జిల్లా కేంద్రానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ప్రాంతం నుండి పనుల కోసం వలస వెళ్ళేవారు ఎప్పుడూ ఎక్కువే. ఆత్మకూరు పరిసరాలలోనే పెన్నానదిపై సోమశిల జలాశయం (78 టి.యం.సి.లు) ఉన్నా, ఆ నీటిలో పెద్ద భాగం దిగువన తూర్పు డెల్టాకే వెళ్ళింది. ఇక్కడి ఎన్నికలలో నీరు ఎన్నడూ తప్పని అంశం కావడానికి కారణం ఇదే.

వెంకయ్య నాయుడు స్వగ్రామం తూర్పు భాగానిది కనుక ఉదయగిరికి ఆయన ఒక విధంగా బయటివాడే. 1978 శాసనసభ ఎన్నికలలో జనతా పార్టీ అభ్యర్థిగా అక్కడ నిలబడినప్పుడు ఆయన వయసు ఇంకా 29 నిండలేదు. అప్పటికి జనతా పార్టీ రాష్ట్ర యువజన విభాగానికి అధ్యక్షుడు. ఏడాది క్రితమే, 1977 లోక్‌సభ ఎన్నికలలో ఉత్తరాదిన కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోయినా ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలకు 41 గెలిచింది. 1978లో కూడా ఇందిరా కాంగ్రెసుకు 175 స్థానాలు రాగా జనతా పార్టీకి 60 వచ్చాయి. ఆ అరవైలో ఉదయగిరి ఒకటి. రాష్ట్రంలో గాలి ఎదురుగా వీస్తున్నప్పుడు, బలమైన కుటుంబ నేపథ్యమేదీ లేని యువకుడు మెట్ట ప్రాంతంలో గెలవడం ఆనాడు అందరి దృష్టినీ ఆకర్షించింది.

1980 ఏప్రిల్‌లో జనతా పార్టీ చీలి భారతీయ జనతా పార్టీ ఏర్పడినప్పుడు ఈయన అందులో చేరి, శాసనసభలో ఆ పార్టీ పక్ష నాయకుడయ్యాడు. జనతా పార్టీ పక్షాన ఎస్. జైపాల్ రెడ్డి, భాజపా పక్షాన వెంకయ్య నాయుడు ప్రతిపక్షపు జంటగా ప్రసిద్ధి చెందారు. ఇద్దరి పద్ధతులు వేరు. జైపాల్ రెడ్డిది పదునైన తర్కం, వెంకయ్య నాయుడిది ప్రాసలతో నడిచే జనరంజకమైన ప్రసంగం. వీరు లేచి నిలబడితే పాలకపక్షం సభ్యులు సైతం శ్రద్ధగా వినేవారని ఆనాటి పాత్రికేయులు చెప్తారు. ఈ ప్రాస అలవాటును ఆయన ఎన్నడూ వదులుకోలేదు. 2017లో రాష్ట్రపతి పదవికి తన పేరు వినిపించినప్పుడు, తనకు రాష్ట్రపతి కావాలనీ లేదు, ఉపరాష్ట్రపతి కావాలనీ లేదు, ఉషాపతిగా ఉంటే చాలునని చమత్కరించాడు. ఉష ఆయన భార్య పేరు. కొద్ది నెలలకే ఉపరాష్ట్రపతి కావలసి వచ్చింది.

1983 జనవరి ఎన్నికలలో నందమూరి తారక రామారావు స్థాపించిన తెలుగుదేశం పార్టీ రెండు వందలకు పైగా స్థానాలు గెలుచుకొని అధికారంలోకి వచ్చింది. ఆ ప్రభంజనంలో భాజపాకు దక్కినవి మూడే స్థానాలు. రెండు హైదరాబాదు నగర ప్రాంతంలోనివి, మూడవది ఉదయగిరి. నగరంలో పార్టీకి ఎప్పటినుండో కార్యకర్తల బలం ఉంది. కోస్తా జిల్లాలో ఒక గ్రామీణ నియోజకవర్గం దక్కడానికి మాత్రం పార్టీ కన్నా అభ్యర్థి పలుకుబడే ప్రధాన కారణమని చెప్పాలి. 1984 ఆగష్టు 16న రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినప్పుడు, ప్రతిపక్షాలన్నీ కలసి నడిపిన ప్రజాస్వామ్య పరిరక్షణ ఉద్యమంలో ఈయన చురుకుగా పాల్గొన్నాడు. నెల రోజులకు రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు.

ఏడేళ్ళ శాసనసభ్యత్వంలో ఉదయగిరికి ఏమి ఒరిగిందన్న ప్రశ్న సహజం. ఆ కాలమంతా ఆయన ప్రతిపక్షంలోనే ఉన్నాడు. ప్రభుత్వాన్ని నిలదీసి పని చేయించుకోవడం తప్ప నిధులు మంజూరు చేసే అధికారం చేతిలో లేదు. కరవు సహాయం, తాగునీరు, రోడ్లు ఆయన తరచుగా ఎత్తిన సమస్యలు. మెట్టకు శాశ్వతంగా సాగునీరు అందించే పథకం మాత్రం ఆయన కాలంలోనూ రాలేదు, తరువాత వచ్చిన శాసనసభ్యుల కాలంలోనూ రాలేదు. కృష్ణా జలాలను వెలిగొండ సొరంగాల ద్వారా ఉదయగిరి ప్రాంతానికి తెచ్చే ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో, అంటే ఆయన ఈ నియోజకవర్గాన్ని విడిచిన పదకొండేళ్ళకు జరిగింది.

ఆత్మకూరు ఓటమి

1985 మార్చిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఈసారి భాజపా తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుంది. వెంకయ్య నాయుడు తాను రెండుసార్లు గెలిచిన ఉదయగిరిని వదలి ఆత్మకూరుకు మారాడు. ఆత్మకూరు రాజకీయంగా తక్కువ స్థాయిది కాదు. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి 1955లో గెలిచింది ఇక్కడినుండే. రాష్ట్రమంతటా తెలుగుదేశం కూటమి మళ్ళీ ఘనవిజయం సాధించగా, ఆత్మకూరులో కాంగ్రెసు అభ్యర్థి బొమ్మిరెడ్డి సుందరరామిరెడ్డి స్వల్ప తేడాతో గెలిచాడు. ఉదయగిరిలో కూడా కాంగ్రెసు అభ్యర్థి మేకపాటి రాజమోహన్ రెడ్డి విజయం సాధించాడు. ఒంటరిగా నిలబడి ఎదురుగాలిలో గెలిచిన నాయకుడు, పొత్తు బలంతో గాలివాలున పోటీచేసి ఓడిపోవడం ఈ ప్రాంతపు ఎన్నికల చరిత్రలో ఒక విచిత్రం.

ఈ ఓటమి ప్రభావం పెద్దదే. ఆ తరువాత ఆయన ప్రజల ఓటుతో నేరుగా ఏ చట్టసభకూ ఎన్నిక కాలేదు. 1996లో హైదరాబాదు లోక్‌సభ స్థానంలో సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ చేతిలో ఓడిపోయాడు. ప్రజల మధ్య నుండి వచ్చిన వక్త అయినా మిగిలిన రాజకీయ జీవితమంతా పార్టీ నిర్మాణం, రాజ్యసభ ద్వారానే సాగింది. ఈ విషయాన్ని ప్రత్యర్థులు తరచూ ఎత్తిపొడిచేవారు.

ఆత్మకూరు, ఉదయగిరి రెండూ ఆ తరువాత చాలాకాలం మేకపాటి, ఆనం, కొమ్మి, బొల్లినేని వంటి కుటుంబాల పోటీ క్షేత్రాలుగానే ఉన్నాయి. భాజపా ఇక్కడ మళ్ళీ గెలవలేదు.

పార్టీ పదవులు, గ్రామీణాభివృద్ధి శాఖ

1988లో భాజపా రాష్ట్ర శాఖ అధ్యక్షుడై, 1993లో జాతీయ ప్రధాన కార్యదర్శిగా ఢిల్లీకి వెళ్ళాడు. 1998లో కర్ణాటక నుండి రాజ్యసభకు ఎన్నికై 2004, 2010లలో అక్కడినుండే తిరిగి ఎన్నికయ్యాడు. 2016లో నాలుగవసారి పేరు వినిపించేసరికి కన్నడిగులు సామాజిక మాధ్యమాలలో "వెంకయ్య సాకయ్యా" (వెంకయ్యా, ఇక చాలయ్యా) అంటూ ప్రచారం నడిపారు. ఆ ఏడు పార్టీ ఆయనను రాజస్థాన్ నుండి పంపింది.

2000 సెప్టెంబరు చివర వాజపేయి మంత్రివర్గంలో గ్రామీణాభివృద్ధి శాఖ లభించింది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన అదే సంవత్సరం డిసెంబరు 25న మొదలైంది. డీజిల్‌పై విధించిన సెస్సులో సగం నిధులుగా, మైదాన ప్రాంతాలలో 500, కొండ ప్రాంతాలలో 250 మించి జనాభా ఉన్న ప్రతి ఆవాసానికీ అన్ని కాలాలలో పనికివచ్చే రోడ్డు వేయడం దాని లక్ష్యం. ప్రభుత్వాలు మారినా ఆగని కొద్ది పథకాలలో ఇది ఒకటి. 2001లో పాత ఉపాధి పథకాలను కలిపి, కూలిలో కొంత భాగం ధాన్యంగా ఇచ్చే సంపూర్ణ గ్రామీణ రోజ్‌గార్ యోజన కూడా ఈ శాఖ నుండే వచ్చింది.

2002 జూలైలో మంత్రిపదవి విడిచి పార్టీ జాతీయ అధ్యక్షుడయ్యాడు. 2004 లోక్‌సభ ఎన్నికలలో పార్టీ ఓడిపోయింది. ఆ అక్టోబరులో లాల్ కృష్ణ అద్వానీ తిరిగి అధ్యక్ష బాధ్యతలు స్వీకరించాడు.

పట్టణాభివృద్ధి మంత్రిగా

2014 మే 26న నరేంద్ర మోదీ మంత్రివర్గంలో పట్టణాభివృద్ధి, గృహనిర్మాణం, పట్టణ పేదరిక నిర్మూలన శాఖలతో పాటు పార్లమెంటరీ వ్యవహారాలు కూడా లభించాయి. పరిపాలకుడిగా ఆయనను అంచనా వేయడానికి ఈ మూడేళ్ళే ముఖ్యమైనవి. దేశంలోని పురపాలక సంఘాలు, నగరపాలక సంస్థలు పనిచేసే తీరుపై ఇవి ముద్ర వేశాయి.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్, 2015 జనవరిలో వారసత్వ నగరాల కోసం హృదయ్ పథకం (12 నగరాలు, అమరావతి అందులో ఒకటి), 2015 జూన్ 25న ఒకేరోజున స్మార్ట్ సిటీలు, అమృత్, పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన ప్రారంభమయ్యాయి. అమృత్ కింద లక్షకు మించి జనాభా గల 500 పట్టణాలలో తాగునీరు, మురుగునీటి పారుదలకు ఐదేళ్ళలో 50,000 కోట్ల రూపాయలు కేటాయించారు. అంతకుముందు పదేళ్ళు నడిచిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకంలో ఒక్కొక్క పనికీ ఢిల్లీ అనుమతి కావలసి వచ్చేది. అమృత్‌లో రాష్ట్రం ఏడాదికొకసారి పంపే కార్యాచరణ ప్రణాళికను కేంద్రం ఒక్కసారిగా ఆమోదించే పద్ధతి పెట్టారు. ఇది రాష్ట్రాలకు మేలు చేసిన మార్పు.

స్మార్ట్ సిటీల సంగతి వేరు. 100 నగరాలను పోటీ పద్ధతిన ఎంపికచేసి, ఒక్కొక్క దానికి ఐదేళ్ళలో కేంద్రం 500 కోట్ల రూపాయలు, అంతే మొత్తం రాష్ట్రమూ స్థానిక సంస్థా ఇవ్వాలన్నారు. డబ్బు ఖర్చుపెట్టేది నగరపాలక సంస్థ కాదు. రాష్ట్రం, నగరపాలక సంస్థ సగం సగం వాటాతో కంపెనీల చట్టం కింద ఏర్పరచే స్పెషల్ పర్పస్ వెహికల్ అనే సంస్థ. దానికి అధ్యక్షుడుగా కలెక్టరో కమిషనరో ఉంటారు, రోజువారీ పనిని ముఖ్య కార్యనిర్వహణాధికారి నడుపుతాడు. కౌన్సిలుకు ఉన్న హక్కులను ఆ ప్రాజెక్టు మేరకు ఈ కంపెనీకి బదలాయించాలని మార్గదర్శకాలు ప్రోత్సహించాయి. మేయరుకు మిగిలింది సలహా సంఘంలో ఒక కుర్చీ. పనులు రాజకీయాలలో చిక్కుకోకుండా వేగంగా సాగాలంటే ఇదే మార్గమని ప్రభుత్వం వాదించింది. 1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఇచ్చిన స్వయంపాలనను ఇది బలహీనపరుస్తుందని విమర్శకులు అన్నారు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఈ విమర్శకు బలం చేకూర్చేదిగానే ఉంది. 2016 జనవరి 28న ప్రకటించిన మొదటి 20 నగరాలలో విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో తిరుపతి చేరింది. ఈ మూడు నగరాలు ఎంపికైన నాటికి ఏ ఒక్కదానిలోనూ ఎన్నికైన కౌన్సిలు లేదు. విశాఖలో 2012లో పదవీకాలం ముగిసిన కౌన్సిలుకు మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. కాకినాడలో 2017 ఆగష్టులో జరిగాయి. 2007లోనే నగరపాలక సంస్థ అయిన తిరుపతికి తొలి కౌన్సిలు 2021లో గాని రాలేదు. వందల కోట్ల ప్రణాళికలు ప్రత్యేకాధికారుల చేతిమీదుగా తయారయ్యాయి, నగరవాసి నిలదీయడానికి కార్పొరేటరు లేడు, మేయరు లేడు. ఎన్నికలు జరపకపోవడం రాష్ట్ర ప్రభుత్వపు తప్పే కావచ్చు. కాని ఎన్నికైన కౌన్సిలు ఉండితీరాలన్న నిబంధన కేంద్రం పెట్టి ఉంటే రాష్ట్రాలు తొందరపడి ఉండేవి. అదే సమయంలో 2014లో ఎన్నికైన కౌన్సిలు, మేయరు ఉన్న మంత్రి సొంత జిల్లా కేంద్రం నెల్లూరుకు స్మార్ట్ సిటీ హోదా రాలేదు. అక్కడ అమృత్ నిధులతో, హడ్కో రుణంతో తాగునీటి, భూగర్భ మురుగునీటి పనులు చేపట్టారు. లక్ష జనాభా లేని ఆత్మకూరు వంటి పట్టణాలు అమృత్ పరిధిలోకి రాలేదు. స్మార్ట్ సిటీల పథకం పలుమార్లు గడువు పెంచుకొని 2025 మార్చి 31తో ముగిసింది.

ఆయన కాలపు పనులలో సామాన్యుడికి ఎక్కువ ఉపయోగపడినది స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం కావచ్చు. 2013లో గత ప్రభుత్వం రాజ్యసభలో పెట్టిన బిల్లును సవరించి 2016 మార్చిలో ఉభయ సభల ఆమోదం పొందారు. రాజ్యసభలో ప్రభుత్వానికి బలం లేని రోజులవి. పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి కూడా తానే కావడంతో ప్రతిపక్షాలను ఒప్పించడంలో ఆయన చొరవ అక్కరకు వచ్చింది. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించిన ప్రతి ప్రాజెక్టునూ నమోదు చేయించాలి. కొనుగోలుదారులు చెల్లించిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ఒక ప్రాజెక్టు పేరుతో వసూలు చేసిన డబ్బును మరొక చోట భూములు కొనడానికి మళ్ళించే అలవాటును అడ్డుకోవడం దీని ఉద్దేశం. చట్టం 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది.

నగరాలు తమ రాబడితో, తమ పరపతితో నిలబడాలని ఆయన పదేపదే చెప్పేవాడు. పట్టణాలకు పరపతి రేటింగులు ఇప్పించి బాండ్ల మార్కెట్టువైపు నడిపించారు. 2017 జూన్‌లో పుణె నగరపాలక సంస్థ 200 కోట్ల రూపాయల బాండ్లు జారీచేయగా, మరుసటి ఏడాది హైదరాబాదు అదే బాట పట్టింది. ఆస్తిపన్ను సరిగా వసూలు కాని చిన్న పురపాలక సంఘాలకు ఈ మార్గం ఇంకా అందలేదు.

ప్రత్యేక హోదా వివాదం

2014 ఫిబ్రవరి 20న రాష్ట్ర విభజన బిల్లు రాజ్యసభలో చర్చకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ తరఫున గట్టిగా వాదించినవారిలో వెంకయ్య నాయుడు ప్రముఖుడు. నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ళపాటు ప్రత్యేక తరగతి హోదా ఇస్తామని ప్రకటించగా, ఐదు చాలదు, పదేళ్ళు కావాలని ఈయన పట్టుబట్టాడు. తరువాత తమ ప్రభుత్వమే వచ్చినా హోదా రాలేదు. 14వ ఆర్థిక సంఘం సిఫారసులను కారణంగా చూపుతూ 2016 సెప్టెంబరులో ప్రత్యేక సహాయం ప్రకటించారు. హోదాకు సమానమైన ప్రయోజనం ప్యాకేజీ ద్వారానే వస్తుందని సమర్థించే బాధ్యత ఈయనపైనే పడింది. పదేళ్ళు అడిగిన నోరు ఏమైందని ప్రతిపక్షాలు, విద్యార్థి సంఘాలు నిలదీశాయి. రాజధాని నిర్మాణానికి, విజయవాడ, గుంటూరు మురుగునీటి పనులకు నిధులు, పలు కేంద్ర విద్యాసంస్థలు రాబట్టడంలో ఆయన పాత్ర ఉన్నదని అభిమానులు బదులిచ్చారు. రాష్ట్రంలో ఆయన ప్రతిష్ఠకు ఎక్కువ దెబ్బ తగిలింది ఈ ఒక్క విషయంలోనే.

ఉపరాష్ట్రపతి

2017 ఆగష్టు 5న జరిగిన ఎన్నికలో 516 ఓట్లతో గెలిచాడు. ప్రత్యర్థి గోపాలకృష్ణ గాంధీకి 244 ఓట్లు వచ్చాయి. రాజ్యసభ అధ్యక్షుడిగా, పార్టీ మారారన్న కారణంతో 2017 డిసెంబరులో శరద్ యాదవ్, అలీ అన్వర్‌ల సభ్యత్వాలను రద్దుచేశాడు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రాను తొలగించాలని 64 మంది సభ్యులు ఇచ్చిన నోటీసును 2018 ఏప్రిల్ 23న తిరస్కరించాడు. 2020 సెప్టెంబరులో వ్యవసాయ బిల్లుల గొడవలో ఎనిమిది మంది సభ్యుల సస్పెన్షన్ మరో వివాదమైంది. సభ సజావుగా నడవాలన్న పట్టుదలను అందరూ మెచ్చుకున్నా, ప్రతిపక్షానికి తగిన అవకాశం దొరకలేదన్న ఫిర్యాదు చివరివరకూ ఉంది.

భాషల విషయంలో చేసిన పని వివాదం లేనిది. 2018 జూలైలో డోగ్రీ, కశ్మీరీ, కొంకణి, సంతాలీ, సింధీ భాషలకు కూడా అనువాద సదుపాయం కల్పించడంతో రాజ్యాంగంలోని 22 భాషలలో దేనిలోనైనా రాజ్యసభలో మాట్లాడే వీలు కలిగింది. ప్రాథమిక విద్య మాతృభాషలోనే సాగాలని దాదాపు ప్రతి సభలోనూ చెప్పేవాడు. 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నిర్ణయం సందర్భంగా ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఆయన పేరెత్తి, మీ మనుమలు ఏ మాధ్యమంలో చదువుతున్నారని బహిరంగంగా ప్రశ్నించడం రాష్ట్రమంతటా చర్చకు దారితీసింది. ఆ ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది.

మైసూరులో ఉండిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం నెల్లూరుకు తరలివచ్చింది కూడా ఆయన పదవీకాలంలోనే. 2001లో ఆయన చొరవతో చవటపాలెం సమీపంలోని వెంకటాచలం వద్ద ఏర్పడిన స్వర్ణభారత్ ట్రస్టు గ్రామీణ యువతకు వృత్తి శిక్షణ, వైద్య శిబిరాలు నిర్వహిస్తోంది. పదవీ విరమణ తరువాత ఆయన ఏ పార్టీ పదవినీ చేపట్టలేదు.